ఈగల గదిలోని విద్యార్థులు

మేము బి. ఎస్‌సి. తరగతిలో జంతుశాస్త్రము చదువుచున్న కాలమున ఒకనాడు ప్రయోగశాలలో మా చేతికొక పెట్టె నిచ్చిరి. అందు ఎఱ్ఱపూసలును తెల్లపూసలును సమసంఖ్యలో నుండెను. చూడకుండ రెండేసి పూసలను దీసి, ఎఱ్ఱపూస యొక్కటియైన నున్న జతలెన్నియో, రెండును తెల్లవైన జతలెన్నియో లెక్కించి, మెండెలు చెప్పిన మూడింటి కొకటి యను నిష్పత్తిని చూపుట ఆనాటి పని. మేము 100 జతలు దీసితిమి. ఎఱ్ఱవి 68, తెల్లవి 32 వచ్చినవి. ఆ సంఖ్యలనే రికార్డు పుస్తకమున వ్రాసితిమి. ఉపాధ్యాయుడు వానిని కొట్టివేసి, 75, 25 అని దిద్దుకొని రమ్మనెను. అంతకు ముందటి సంవత్సరముల రికార్డు లన్నిటియందును ఆ సంఖ్యలే యున్నవి. మేమును దిద్దితిమి. మార్కులు వచ్చినవి.

ఆ సంగతి మఱచి చాలకాలమైన పిమ్మట జన్యుశాస్త్ర చరిత్రమును చదువ దొడగితిమి. ఆ శాస్త్రమునకు పునాదిరాళ్లు మోసినవారిలో ఇరువురు అప్పటికి పట్టమైనను పొందని విద్యార్థులని అందువలన తెలిసినది. వారి కథను చదువుచున్నంతసేపును మా పూసలపెట్టె మాకు జ్ఞప్తికి వచ్చుచునే యుండెను. పిల్లలను కళాశాలలకు పంపుచున్న గృహస్థుల కా కథ ఉపయోగపడునని తలచి యిచ్చట వ్రాయుచున్నాము.

మెండెలు అను క్రైస్తవమఠవాసి బఠాణీమొక్కలపై చేసిన ప్రయోగముల ఫలితములను 1866లో ప్రకటించెను. లోకము వానిని గమనింపలేదు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేర్వేఱుగ పరిశోధించి, ఆ నియమములనే మఱల కనుగొనిరి. తలిదండ్రుల లక్షణములు బిడ్డలకు సంక్రమించుటలో ఒక లెక్క కలదని అప్పుడు తెలిసినది. కాని ఆ లక్షణములను మోయు జన్యువులు దేహమున నెచ్చట నున్నవో తెలియలేదు. జీవకణములలో దారపుపోగులవలె గానవచ్చు క్రోమోసోములలో నుండవచ్చునని కొందఱు ఊహించిరి. న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడైన తామస్ హంట్ మార్గన్ ఆ యూహను నమ్మలేదు. మెండెలు నియమములయందును ఆయనకు సంశయమే. నమ్మకము లేనివాడగుటచేతనే ప్రయోగమునకు పూనుకొనెను.

ఆయన యెన్నుకొన్న ప్రాణి అత్యల్పము. మన యిండ్లలో మాగిన అరటిపండ్లపై ముసురుకొను నువ్వుగింజంత యీగలను చదువరు లెఱుగుదురు. వానికి శాస్త్రమున డ్రోసోఫిలా యని పేరు. వాని మేతకు అరటిపండును, నివాసమునకు పాలసీసాయును చాలును. పదిపండ్రెండు దినములలో గ్రుడ్డు ఈగ యగును. ఒక్క తల్లి వందలకొలది గ్రుడ్లను పెట్టును. కావున మనుష్యులలో శతాబ్దములు పట్టు వంశచరిత్రము వీనిలో ఒక్క యేడాదిలో కన్నులయెదుట నడచును. మార్గన్ గది 16 అడుగుల వెడల్పును 23 అడుగుల పొడవును గలది. అందు ఎనిమిది బల్లలు ఇఱుకుకొని యుండెను. దానికి ఈగల గది యని పేరు వచ్చెను.

1910లో ఆ సీసాలలో తెల్లకన్నుల మగయీగ యొకటి కనబడెను. ఈ యీగల కన్నులు సహజముగా ఎఱ్ఱనివి. దానిని ఎఱ్ఱకన్నుల ఆడయీగలతో కూర్పగా పుట్టిన సంతతిలో 1,237 ఎఱ్ఱకన్నులవే. మూడు మగయీగలకు మాత్రము తెల్లకన్నులు. ఆ యెఱ్ఱకన్నుల సంతతిని తమలో తాము కూర్పగా మనుమల తరమున ఎఱ్ఱకన్నుల ఆడవి 2,459, ఎఱ్ఱకన్నుల మగవి 1,011, తెల్లకన్నుల మగవి 782 పుట్టినవి. తెల్లకన్నుల ఆడయీగ ఒక్కటియు లేదు.

ఈ సంఖ్యలను చదువరులు ఒకసారి కూడి చూడవలెను. ఎఱ్ఱకన్నులవి మొత్తము 3,470, తెల్లవి 782. మూడింటి కొకటి యను నిష్పత్తికి తెల్లవి వేయికి పైగా ఉండవలసినది. తెల్లకన్నులవి దుర్బలములగుటచే కొన్ని పెరుగకముందే చచ్చెను. మార్గన్ ఆ తక్కువను కప్పిపుచ్చలేదు. మొదటి తరమున వచ్చిన ఆ మూడు తెల్లకన్నుల యీగలను సయితము చెప్పక విడువలేదు. వచ్చిన సంఖ్యలను వచ్చినట్లే అచ్చు వేయించెను. మా రికార్డు పుస్తకములను దిద్దిన చేయి ఈ పట్టికపై పడియున్నయెడల, అందలి సత్యములు సగము మాసిపోయి యుండును.

తెల్లకన్నులు మగవానికే వచ్చుటకు కారణము వెనుక తెలిసినది. ఆడయీగకు ఎక్స్ అను క్రోమోసోములు రెండు. మగయీగకు ఎక్స్ ఒకటి, వై ఒకటి. తెల్లకన్ను జన్యువు ఎక్స్‌పై నున్నది. మగవాని కున్నది ఒక్క యెక్స్. అందు లోపమున్నచో దానిని కప్పుటకు రెండవది లేదు. ఇట్లొక జన్యువునకు ఒక క్రోమోసోముపై నివాసము దొరకెను. సంశయించిన యాచార్యునే యీగ యొప్పించినది.

ఇక విద్యార్థుల మాట. 1909–10 విద్యాసంవత్సరమున మార్గన్ ప్రారంభతరగతికి జీవశాస్త్రము బోధించెను. కొలంబియాలో ఆయన గడపిన ఇరువదినాలుగేండ్లలో ఆ తరగతిని బోధించుట ఆ యొక్కసారియే. ఆ యేడు ఆ బల్లలపై కూర్చున్నవారిలో ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవంట్, కాల్విన్ బ్రిడ్జెస్ అను నిరువురుండిరి.

స్టర్టెవంట్ 1891లో జన్మించెను. అలబామా రాష్ట్రమున తండ్రి పొలముపై పెరిగెను. అచ్చటి గుఱ్ఱముల వంశావళులను, రంగులను వ్రాసికొనుట వానికి చిన్ననాటి వేడుక. పదునాఱేండ్లప్పుడు అన్నగారి యింట నుండి చదువుకొనుటకు న్యూయార్కు వచ్చెను. అన్న భాషాశాస్త్రము చదివినవాడు. అయినను తమ్ముని గుఱ్ఱపుపిచ్చిని కసరలేదు. వంశపారంపర్యమును గూర్చిన గ్రంథములు చదువుమని ప్రోత్సహించెను. మెండెలు నియమములు తన గుఱ్ఱముల రంగులకు వర్తించునని ఆ బాలుడు గ్రహించి, ఒక వ్యాసము వ్రాసి మార్గన్‌కు చూపెను. ఆయన దానిని చదివి, ప్రకటింపుమని చెప్పెను. అది 1910లో ఒక శాస్త్రపత్రికలో వెలువడెను. ఆ యేడే శరత్కాలమున మార్గన్ వానికిని బ్రిడ్జెస్‌కును ఈగల గదిలో చోటిచ్చెను.

స్టర్టెవంట్‌కు ఎఱుపు ఆకుపచ్చల భేదము సరిగా కనబడదు. రంగుకన్నుల యీగలను ఏరు గదిలో ఇది చిన్న లోపము కాదు. మఱియు ఈ లోపమును మనుష్యులలో ఎక్స్ క్రోమోసోమే మోయును. తెల్లకన్ను ఈగలో నడచిన త్రోవనే తల్లినుండి కుమారునకు వచ్చును. అట్టివానిని ఆ గదికి తగడని ఎవరును పంపివేయలేదు. 

1911 నాటికి ఎక్స్‌పైనున్న జన్యువులు మఱికొన్ని దొరకినవి. పసుపు దేహము, తెల్లకన్ను, సిందూరపు కన్ను, పొట్టిఱెక్క, మొండిఱెక్క అనునవి వానిలోనివి. ఒకే పోగుపై నున్నవన్నియు ఒక్కటిగనే సంక్రమింపవలెను గదా? కాని అప్పుడప్పుడు విడిపోవుచుండెను. రెండు క్రోమోసోములు ప్రక్కప్రక్కన చేరినప్పుడు తునకలను మార్చుకొనుటచే నిట్లగునని మార్గన్ ఊహించెను. దూరముగా నున్న జన్యువులు తఱచుగను, దగ్గఱగా నున్నవి అరుదుగను విడిపోవునని కూడ తలచెను. ఆ సంవత్సరాంతమున ఈ విషయమునే గురుశిష్యులు మాటలాడుకొనుచుండగా స్టర్టెవంట్‌కు ఒక తలపు పుట్టెను. విడిపోవు తఱచుదనమే దూరమునకు కొలత యైనచో, జన్యువులను వరుసగా ఒక గీతపై నిలుపవచ్చును గదా!

ఆ రాత్రి సంఖ్యలను ఇంటికి తీసికొనిపోయెను. మఱునాటి కళాశాల పాఠములను ప్రక్కకు పెట్టి, రాత్రి చాలభాగము వానితోనే గడపెను. తెల్లవారునప్పటికి అయిదు జన్యువులు ఒక గీతపై నిలిచినవి. ఇది జన్యుశాస్త్రమున మొదటి పటము.

దాని న్యాయము సులభము. రాజవీథిపై మూడూళ్లున్నవనుకొందము. మొదటి యూరినుండి రెండవదానికి ముప్పది క్రోసులు, రెండవదానినుండి మూడవదానికి మూడు క్రోసులు. మొదటి మూడవ యూళ్ల నడిమి దూరము ఇంచుమించు ముప్పదిమూడు వచ్చినచో, ఊళ్లు ఒకే త్రోవపై ఆ వరుసనే యున్నవని చూడకయే చెప్పవచ్చును. స్టర్టెవంట్ 1913లో ప్రకటించిన వ్యాసమున తెల్లకన్నును సిందూరపుకన్నును నూటికి 29.7 పాళ్లు విడిపోయినవి. సిందూరపుకన్నును పొట్టిఱెక్కయు 3. తెల్లకన్నును పొట్టిఱెక్కయు 33.7. పసుపుదేహమును తెల్లకన్నును 21,736 ఈగలలో 214 మాత్రమే విడిపోయినవి, అనగా నూటికొకటి. కాబట్టి అవి యిరుగుపొరుగులు. ఆ వ్యాసమున ఆఱు జన్యువులు అయిదు తావులలో నిలిచినవి. ఎవరును కంట చూడని జన్యువుల వరుసను ఆ బాలుడు లెక్కించి చెప్పెను. ఆ వరుస నేటికిని మాఱలేదు.

ఆ యీగలనన్నిటిని అతడే పెంచలేదు. మార్గన్ మొదలగు పలువురి కూర్పుల లెక్కలు అందున్నవి. అయినను వ్యాసము వెలువడినది స్టర్టెవంట్ యొక్కని పేరనే. ఆచార్యుడు తన పేరును దానిపై చేర్చుకొనలేదు. ఆ గదిలో సీసాలును సంఖ్యలును ఎట్లు అందఱివో, తలపు ఎవరికి కలిగిన వారిదే యనుటయు అట్లే మర్యాద యయ్యెను. ఇది సామాన్యమైన మర్యాద కాదు.

బ్రిడ్జెస్ కథ వేఱు. అతడు 1889లో పుట్టి, పసితనముననే తలిదండ్రులను కోల్పోయి, అవ్వ పెంపకమున పెరిగిన పేదవాడు. చదువుకొనుటకు డబ్బు సంపాదించుకొనవలసి యుండెను. అందుచే సీసాలు కడుగు పనికి కుదిరెను. ఒకనాడు కడుగవలసిన సీసా యొకటి తీయగా, దాని దళసరి గాజు వెలుపలినుండియే ఒక యీగ కన్ను సిందూరపు రంగున నుండుట కనిపెట్టెనని చెప్పుదురు. తక్కినవారు భూతద్దముతోను పోల్చలేని భేదమది. స్టర్టెవంట్ పటమునకెక్కిన సిందూరపు కన్ను అదియే. కూలికి సీసాలు కడుగు కుఱ్ఱవాడు పరిశోధకుడయ్యెను.

అతని కీర్తికి మూలము పొసగని లెక్కలు. తెల్లకన్నుల తల్లికిని ఎఱ్ఱకన్నుల తండ్రికిని పుట్టిన ఆడపిల్లలన్నియు ఎఱ్ఱకన్నులతో నుండవలెను. కాని వేలకొలది యీగలలో ఒకటి రెండు ఆడవి తెల్లకన్నులతో వచ్చుచుండెను. పొరపాటని పాఱవేయుట సులభము. బ్రిడ్జెస్ వానిని విడిచిపెట్టలేదు. తల్లి యొక్క రెండు ఎక్స్‌లును విడిపోక ఒకే గ్రుడ్డులోనికి పోయినచో ఇట్లగునని తలచి, ఆ యీగల కణములను సూక్ష్మదర్శినితో చూచెను. రెండు ఎక్స్‌లును ఒక వైయును కనబడెను. జన్యువులు క్రోమోసోములపై నున్నవనుటకు అంతకన్న బలమైన సాక్ష్యము అంతకుముందు లేదు. ‘జెనెటిక్స్’ అను పత్రిక 1916లో ప్రారంభమైనప్పుడు మొదటి సంచికలో మొదటి పుట ఈ వ్యాసమునదే. లెక్కకు పొసగని యీగయే లెక్కను స్థాపించినది.

1915లో మార్గన్, స్టర్టెవంట్, బ్రిడ్జెస్‌లును, కొలంబియాలోనే చదివిన ముల్లరును కలిసి ‘మెండెలు వంశపారంపర్య యంత్రము’ అను అర్థమిచ్చు పేరుతో గ్రంథము వ్రాసిరి. 1933లో మార్గన్‌కు నోబెల్ బహుమానము వచ్చినప్పుడు ఆ ధనమును తన బిడ్డలకును, స్టర్టెవంట్, బ్రిడ్జెస్‌ల బిడ్డలకును పంచెను.

ఇంత చెప్పి, ఆ గది తలుపు ఎవరికి తెఱవబడలేదో చెప్పకున్నచో మేమును లెక్క దిద్దినవారమే యగుదుము. స్టర్టెవంట్, బ్రిడ్జెస్‌లు చదివిన కొలంబియా కళాశాలలో ఆడపిల్లలను చేర్చుకొనుట 1983లో గాని మొదలు కాలేదు. వారికి ప్రక్కనే బార్నార్డ్ అను వేఱు కళాశాల యుండెను. అయినను ఈ శాస్త్రమునకు ఆధారమైన సంగతిని కనుగొన్నవారిలో ఒక స్త్రీ కలదు. నెట్టీ స్టీవెన్స్ 1861లో జన్మించి, బడిపంతులమ్మగా పనిచేసి, సొమ్ము కూడబెట్టి, ముప్పదియైదేండ్ల వయసున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున విద్యార్థినిగా చేరెను. పిమ్మట బ్రిన్‌మార్ కళాశాలలో మార్గన్ వద్దనే చదివెను. ఒక జాతి పిండిపురుగులలో మగదానికి మాత్రము చిన్న క్రోమోసోము ఒకటి యుండుట చూచి, ఆడ మగ భేదమునకు అదియే మూలమని 1905లో ప్రకటించెను. తెల్లకన్ను రహస్యమునకు తాళపుచెవి యిది. ఆమె 1912లో మరణించెను. పదునాఱవయేట దొరకవలసిన బల్ల ఆమెకు ముప్పదియైదవయేట దొరకినది. ఆ పందొమ్మిదేండ్ల నష్టము ఆమెది మాత్రమే కాదు.

ప్రయోగశాల లేనిచోట గృహమే ప్రయోగశాల కావచ్చుననుటకు ఇంగ్లండునుండి ఒక దృష్టాంతము చెప్పెదము. ఆక్స్‌ఫర్డు నగరమున జె. బి. ఎస్. హాల్డేన్ అను బాలుడును వాని చెల్లెలు నయోమియు తమ యింట గినీపందులను, పిదప ఎలుకలను పెంచి, రంగులెట్లు సంక్రమించునో లెక్క వ్రాసిరి. స్ప్రంట్ అను స్నేహితుడు వారితో చేరెను. ఒకే క్రోమోసోముపై రెండు జన్యువులు కలిసి యుండుటను పాలిచ్చు జంతువులలో మొదట చూపినది వీరి వ్యాసము. 1915లో అది వెలువడునప్పటికి స్ప్రంట్ యుద్ధమున చనిపోయెను, హాల్డేన్ సైన్యమున నుండెను, నయోమికి పదునెనిమిదేండ్లు. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చుట 1920లో గాని ఆరంభింపలేదు. అయినను వ్యాసముపై అన్నపేరుతో సమానముగా ఆమె పేరును కలదు. జన్యువుల దూరమునకు కొలతగా మార్గన్ పేరు పెట్టినవాడు ఈ హాల్డేనే. అది 1919 నాటి మాట. ఆయన విశ్వవిద్యాలయమున పొందిన పట్టము విజ్ఞానశాస్త్రమున కాదు.

ఆ హాల్డేన్ 1957లో కలకత్తాకు వచ్చి యిచ్చటనే స్థిరపడెను. పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడయ్యెను. ఈయనయు మీరాఖానును 1960 దశకమున ఆంధ్రదేశమునందలి మేనరికములను లెక్కించి వ్యాసములు ప్రకటించిరి. మేనమామ మేనకోడలిని పెండ్లాడినచో, ఏ జన్యుస్థానమందైనను వారి బిడ్డకు ఇరుదెసలనుండి ఒకే పూర్వుని జన్యువు వచ్చుటకు ఎనిమిదింట ఒక వంతు అవకాశము. మేనత్త, మేనమామల బిడ్డలు పెండ్లాడినచో పదునాఱింట ఒక వంతు. దాగియున్న దోషములు బయటపడుట అందువలన హెచ్చును. ఈగల గదిలో పుట్టిన లెక్క మన పెండ్లిచూపుల చావడివఱకు వచ్చినదని తెలిసికొనుట మేలు.

నేడు మన దేశమున బి. ఎస్‌సి. విద్యార్థులకును పరిశోధన కావలెనని పెద్దలు చెప్పుచున్నారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో నాలుగేండ్ల పట్టప్రణాళికను ప్రకటించుచు, నాలుగవయేట పరిశోధన మార్గమున పోగోరువారు మొదటి ఆఱు సెమిస్టరులలో నూటికి 75 మార్కులు పొందవలెనని నిర్ణయించెను. పరిశోధనకు చోటిచ్చుట మెచ్చదగినదే. కాని పాఠములు విడిచి పటము గీసిన రాత్రి స్టర్టెవంట్‌ను ఈ నియమము ఏమి చేసియుండునో, సీసాలు కడుగుచు చదివిన బ్రిడ్జెస్‌ను ఏమి చేసియుండునో ఆలోచింపవలసి యున్నది. వారిని లోనికి రానిచ్చినది మార్కులపట్టిక కాదు. ఒకనికి గుఱ్ఱముల వ్యాసము, మఱొకనికి సూక్ష్మమైన చూపు.

డబ్బు లేదను మాటయు సరిపడదు. అరటిపండు, సీసా, భూతద్దము, వ్రాతపుస్తకము మన పల్లెటూరి కళాశాలలోను దొరకును. దొరకనిది ఉపాధ్యాయుని నమ్మకము. ఇంటియందు పెద్దలు చేయదగినది కూడ కలదు. పిల్లవాడు గాని పిల్ల గాని వంటయింటి మూల సీసాలో ఈగలను పెట్టుకొన్నచో పాఱవేయకుడు. మార్కులెన్ని యని యడుగుటకు ముందు, ఏమి చూచితివి, ఎన్ని లెక్కించితివి అని యడుగుడు. రికార్డును పోయిన సంవత్సరపు దానినుండి దింపుకొనుచుండగా చూచినచో, అది చిన్నతప్పని మిన్నకుండకుడు.

నూఱు జతలు దీసినప్పుడు 75కు బదులు 68 వచ్చుట వింత కాదని మేము వెనుక నేర్చుకొంటిమి. పూసలు పొరబడలేదు, మేమును పొరబడలేదు. ఆ రికార్డు పుస్తకము నేడు మాయొద్ద లేదు. ఉన్నచో ఆ సంఖ్యలను మఱల మునుపటివలె వ్రాసి యుందుము.